సేకరణ: వీరదుర్గ

ఒకరు రాసిన కథని ఇంకొకరు గొంతెత్తి పదిమందికి చదివి వినిపిస్తే, ఆ చదివినవాళ్ళు కథలోంచి ఏదైనా తీసుకున్నట్టా, కథకి ఏదైనా ఇచ్చినట్టా? లాయరుని అడిగాను. రాసినాయన్ని అడిగాను. విన్నవాళ్ళని అడిగాను. ఎవరికి వాళ్ళు గట్టిగానే చెప్పారు. నాకు మాత్రం ఇప్పటికీ తెలియదు. ఈ వయసులో తెలియనివి చాలానే ఉన్నాయి కనుక దానికి బాధ లేదు. కోపమే తగ్గడం లేదు. వీరదుర్గ గురించి రాద్దామని కూర్చున్నప్పుడల్లా ముందు అదే వచ్చి కూర్చుంటుంది.

ఆవిణ్ణి నేను మొదట చూసింది నేను రోజూ వెళ్ళి కూర్చునే బందరు శాఖా గ్రంథాలయంలో. తను పనిచేసే రొయ్యల షెడ్డుకి సరుకు రాని రోజుల్లో వచ్చేది. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ నూలు చీరే. ఆవిడ వచ్చి కూర్చోగానే పేపరు చదువుకునే పెద్దమనుషులు ఒక్కొక్కరే లేచి, ఫ్యాను గాలి చాలడం లేదన్నట్టు వేరే బల్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఒకాయన ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని మరీ వెళ్ళాడు. సంపాదకీయాలు చదివి దేశం ఎటు పోతోందోనని వాపోయే మనిషి ఆయన. ఆవిడ నవ్వి నాతో అంది:

"నేను స్నానం చేసే వచ్చానండీ బాబాయిగారూ. రొయ్య ముట్టుకోలేదు."

అదే మా మొదటి మాట. రెండోది, ఆవిడ అడిగిన పుస్తకం గురించి.

"ఏడిపించని పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి. ఏడిస్తే మావాళ్ళకి కళ్ళు తుడుచుకోడానికి చేతులు ఖాళీ ఉండవు."

అంతవరకు ఎవరూ నన్ను పుస్తకం అలా అడగలేదు. ఎందుకలా అడిగిందో ఆవిడ పని గురించి తెలిశాక అర్థమైంది.

వీరదుర్గ పుట్టింది బందరు అవతల సముద్రం పక్కన ఒక పాలెంలో. తండ్రి చేపల వేటకి వెళ్ళేవాడు. పదో తరగతి దాకా చదివింది. ఇసకలో చేపలు ఎండబెట్టే మేనత్తల పక్కన కూర్చుని వారపత్రికల సీరియళ్ళు పైకి చదివేది. వాళ్ళు చేపలు తిరగేస్తూ వినేవాళ్ళు. పెళ్ళయ్యాక భర్త ఆంజనేయులు బోటు మీద పనికి వెళ్తే, ఈవిడ బందరు శివార్లలో రొయ్యల షెడ్డుకి వెళ్ళేది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని ఐసులోంచి తీసి, తల తుంచి, పెంకు ఒలిచి, టబ్బులో వెయ్యాలి. సాయంత్రం కాటా పెట్టి, ఎవరెంత ఒలిచారో దాన్నిబట్టి కూలి ఇస్తారు.

ఏళ్ళ తరబడి ఐసునీళ్ళలో నాని ఆవిడ వేళ్ళు పగిలిపోయాయి. గ్లౌజులు వేసుకుంటే లోపల ఒరుసుకుని రక్తం. చర్మం డాక్టరు ఇక రొయ్య ముట్టుకోవద్దన్నాడు. ఆ రోజు షెడ్డులో అందరికన్నా పెద్దదైన అంకమ్మ ఒక తీర్పు చెప్పింది. "నీ చేతులు పోయినియ్యి గానీ నోరు పోలేదు కదంటే. నువ్వు చదూతా ఉండు, మేం ఒలుత్తాం." అప్పటినుంచి అదే ఆ షెడ్డు పద్ధతి. వీరదుర్గ మధ్యలో స్టూలు మీద కూర్చుని కథ చదువుతుంది. కాటాకి ముందు ఒక్కొక్కరూ తాము ఒలిచిన దాంట్లోంచి ఒక దోసెడు ఆవిడ టబ్బులో వేస్తారు. మేస్త్రీ మొదట గొణిగాడట. కథ సాగుతున్నంతసేపూ ఎవరూ కబుర్లాడరనీ, అధ్యాయం మధ్యలో ఎవరూ టీకి లేవరనీ తెలిశాక తనూ ఒక మూల నిలబడి వినేవాడట.

చదువు చెప్పి జీతం తీసుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. చదివినందుకు దోసిళ్ళు కూలిగా పుచ్చుకున్న మనిషిని మాత్రం ఈవిణ్ణే చూశాను.

అడిగింది ఏడిపించని పుస్తకమే అయినా, 'లాకు ఇల్లు' అనే నవల గురించి ఆవిడకి చెప్పింది నేనే. రాసినాయన శ్యామ్ సుందర్, గుడివాడలో ఉంటాడు, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. మాకు పాతికేళ్ళుగా పుస్తకాల మీద తగువులాడుకునే స్నేహం. కాలవ నీళ్ళు ఆపి వదిలే లాకుల దగ్గర పనిచేసే ఒక ఉద్యోగి కుటుంబం కథ అది. సొంత డబ్బుతో అచ్చేయించుకున్నాడు. అమ్ముడుపోని కట్టలు ఆయన హాల్లో టీవీకి బల్లగా పనికొస్తున్నాయి. లైబ్రరీ ప్రతిలో కొన్ని పేజీలు చిరిగి ఉంటే, షెడ్డు ఆడవాళ్ళు చందా వేసుకుని పోస్టులో తెప్పించుకున్నారు. ఆయన ఎంత పొంగిపోయాడో! 'వీరదుర్గ గారికి, అభిమానంతో' అని సంతకం పెట్టి పంపాడు.

సీజన్లో కొందరు ఆడవాళ్ళు అవనిగడ్డ వైపు, నాగాయలంక వైపు షెడ్లకి పనికి వెళ్తారు. కథ మధ్యలో వదిలి వెళ్ళలేక, "ఫోన్లో చదివి పంపవే" అన్నారు. వీరదుర్గ మధ్యాహ్నం పూట ఇంట్లో ఫ్యాను ఆపి, అధ్యాయానికొక వాయిస్ మెసేజి చొప్పున చదివి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మొదటి దాంట్లోనే, "ఇది గుడివాడ శ్యామ్ సుందర్ గారు రాసిన పుస్తకం, బాగుంటే కొనుక్కోండి" అని చెప్పింది. నేను విన్నాను. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత చాలామంది వినలేదు.

వినకుండా చేసినవాడు ప్రేమ్ సాగర్. చల్లపల్లిలో సెల్‌ఫోన్ల షాపు. వాళ్ళ అత్తగారు షెడ్డు పనికి వెళ్తుంది కనుక ఆ మెసేజీలు అతని చేతికొచ్చాయి. అన్నీ కలిపి అతికించి, ముందొక సంగీతం తగిలించి, ఎవరో సినిమా అమ్మాయి ముఖంలాంటి బొమ్మ పెట్టి, తన యూట్యూబ్ ఛానెల్లోకి ఎక్కించాడు. మొదట్లో ఆవిడ చెప్పిన రచయిత పేరు కత్తిరించేశాడు. కింద మాత్రం మర్యాదగా రాశాడు: 'సేకరణ: వీరదుర్గ'.

ఈ సేకరణ అన్న మాట మీద నాకున్న కోపం ఇక్కడ కాస్త వెళ్ళగక్కనివ్వండి. పొద్దున లేస్తే ఫోను నిండా ఇవే. ఎవరో రాత్రింబగళ్ళు కూర్చుని రాసుకున్న కథ, ఎవరో గుండె కోసుకుని రాసిన నాలుగు ముక్కలు. కింద చూస్తే రాసినవాడి పేరు ఉండదు. సేకరణ ఫలానా సుబ్బారావు. ఎక్కణ్ణుంచి సేకరించావయ్యా, అడివిలోంచా? పైగా ఆ మాట పెట్టినవాడు తను దొంగ కాదని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. నాది అనలేదు కదా, సేకరణ అన్నాను కదా అంటాడు. నా దృష్టిలో ఇంతకన్నా దొంగ నయం. దొంగకి కనీసం భయం ఉంటుంది.

శ్యామ్ సుందర్ అవనిగడ్డలో ఏదో పెళ్ళికి వెళ్ళి బస్సులో తిరిగొస్తుండగా, ముందు సీట్లో ఆడమనిషి ఫోన్లోంచి ఒక వాక్యం వినపడిందట. తన వాక్యమే. 'లాకు తలుపులు తెరిచినప్పుడు నీళ్ళు ముందు వెనక్కి చూస్తాయి' అని. ఆయనే నాకు ఫోన్లో చెప్పాడు. "ఎవరో ఆడమనిషి, ఎంత బాగా చదువుతోందనుకున్నావు! నా పుస్తకానికి అలాంటి గొంతుంటుందని నేనే ఎప్పుడూ అనుకోలేదు" అన్నాడు. ఆ వెంటనే గొంతు మారిపోయింది. "సీట్లోంచి వంగి చూశాను. నా పేరు లేదు. సేకరణ వీరదుర్గట! నా చేత్తో సంతకం పెట్టి పంపిన పేరేనయ్యా అది!"

యూట్యూబుకి ఫిర్యాదు పెట్టి ఆ వీడియో తీసేయించాడు. ప్రేమ్ సాగర్ ఎవరో ఆయనకప్పుడు తెలియదు. తెలిసిన అడ్రసు ఒక్కటే, పుస్తకం పంపినది. లాయరు నోటీసు అక్కడికి వెళ్ళింది. అది షెడ్డు అడ్రసు. నోటీసు చూసి షెడ్డు ఓనరు బెదిరిపోయి, ఆ పెద్దమనిషి అభ్యంతరం లేదని చెప్పేదాకా షెడ్డులో ఏ పుస్తకమూ చదవడానికి వీల్లేదన్నాడు. అంటే వీరదుర్గ స్టూలు పోయింది. ఒలవలేదు, చదవకూడదు. "చదవకపోయినా దోసెడు వేత్తాం లేవే" అంది అంకమ్మ. "ఊరికే వేస్తే నా టబ్బు బోర్లించి వెళ్ళిపోతాను" అంది వీరదుర్గ.

మా వీధిలో ఉన్న లాయరుని అడిగాను. "చదువుకోడానికీ, పాఠం చెప్పుకోడానికీ, విమర్శ రాసుకోడానికీ చట్టంలో కొంత వెసులుబాటుందండీ. షెడ్డులో నలుగురికి చదవడం దాంట్లోకి వస్తుందా అంటే వాదించొచ్చు. రికార్డు చేసి పంచితే మటుకు కష్టం" అన్నాడాయన. ఆ మాటే వీరదుర్గకి చెప్తే, "నోట్లోంచి గాల్లోకి పోతే మంచిది, ఫోన్లోకి పోతే చెడ్డదా?" అంది.

శ్యామ్ సుందర్ని షెడ్డుకి తీసుకొచ్చింది నేనే, ఎదురుగా మాట్లాడుకుంటే తేలిపోతుందని. టీ వేళ. ఆడవాళ్ళు గ్లౌజులు విప్పి బయట నీడలో కూర్చున్నారు. ఆయనకీ నాకూ రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆయన టీ ముట్టుకోలేదు.

"అయ్యగారూ," అంకమ్మే మొదలెట్టింది, "పుస్తకం మీరే అమ్మారు కదండీ మాకు?"

"పుస్తకం అమ్మాను. కథ అమ్మలేదు."

"కథ లేని పుస్తకం మాకెందుకండీ, పకోడీలు చుట్టుకోడానికా?"

అందరూ గొల్లుమన్నారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"రొయ్యలమ్మినోడు, ఆ కూర ఎవరెవరికి పెట్టావని ఇంటికొచ్చి అడుగుతాడా?" అందింకొకావిడ.

"అడగడు. ఎందుకంటే రొయ్య తింటే అయిపోతుంది. మళ్ళీ కావాలంటే వాడి దగ్గరికే రావాలి. కథ అలా కాదు. ఒకళ్ళు తిన్నా, ఊరంతా తిన్నా గిన్నె నిండుగానే ఉంటుంది. అందుకని మీరు ఒక్క ప్లేటు కొని జిల్లా అంతటికీ వడ్డించారు. వండినవాడు తిన్నాడా లేదా ఎవరూ అడగలేదు!"

ఎవరూ నవ్వలేదు. ఆయన మాటలో న్యాయం అక్కడున్న అందరికీ అందింది. ఒలిచినదానికి కాటా తగ్గిస్తే ఎంత మండుతుందో వాళ్ళకి తెలుసు.

వీరదుర్గ అప్పటిదాకా నిలబడే ఉంది. "మీ పేరు చెప్పే చదివానండీ. అది కోసినోడు వేరే. వాడి ముఖం కూడా నేను చూళ్ళేదు."

"దోసిళ్ళు తీసుకున్నది నువ్వేగా?"

"నా గొంతుకి తీసుకున్నానండీ. మీ కథకి కాదు."

"గొంతు నీదే. దాంట్లోంచి వచ్చిన మాట ఎవరిది?"

ఆవిడ ఒక అడుగు ముందుకేసింది. "నన్ను దొంగన్న కాయితం వచ్చిందండీ మా షెడ్డుకి. ఇరవయ్యేళ్ళలో ఒక్క రొయ్య పక్కనోళ్ళ టబ్బులోంచి తీసి ఎరగను నేను."

అక్కడితో ఆగినా రాజీ కుదిరేదేమో. ఆయన జేబులోంచి ఫోను తీశాడు. వీడియో పోకముందే దించుకుని ఉంచుకున్నాడు.

"పేరు సంగతి సరే. ఇది చెప్పు. సరళ ఏమైంది?"

సరళ ఆ నవల్లో లాకు ఉద్యోగి కూతురు. ఊరు ఆ పిల్ల మీద వేసిన నిందలకి చివర్లో లాకు నీళ్ళలో పడి చనిపోతుంది. వీరదుర్గ చదివిన దాంట్లో సరళ చావలేదు. తెల్లవారుజామున ధాన్యం పడవెక్కి లాకు దాటి వెళ్ళిపోయింది. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. నేను చివరి అధ్యాయం వినలేదు.

వీరదుర్గ పక్కకి చూసింది. గోడ దగ్గర సూర్యకుమారి అనే ఆవిడ టీ గ్లాసు కడుగుతోంది. అంకమ్మ ఆయన దగ్గరికి వంగి మెల్లగా చెప్పింది. "ఆవిడ పిల్ల కూడా అట్టాగే పోయిందయ్యా, మొన్న సంక్రాంతి వెళ్ళాక. కాలవలో. ఆవిణ్ణి ఎదురుగా పెట్టుకుని వీరదుర్గ ఆ చావు ఎట్టా చదూతది చెప్పండి?"

శ్యామ్ సుందర్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. కరిగాడనుకున్నాను. లేచి నిలబడ్డాడు. "పేరు తీసెయ్యడం దొంగతనం. ఇది అంతకంటే ఎక్కువ. చదివితే మొత్తం చదవాలి. లేకపోతే అసలు చదవకూడదు. ఆ అధ్యాయం రాసింది రాసినట్టు చదివి, మీ గ్రూపులో పెట్టు. ఆ రోజే అభ్యంతరం లేదని రాసిస్తాను. ఏ పుస్తకమైనా చదువుకో."

బస్టాండు దాకా నేనాయనతో పోట్లాడుతూనే నడిచాను. నీకు మనసు లేదన్నాను. ఇంకా ఏమేమో అన్నాను.

"నేను చంపలేదయ్యా దాన్ని," అన్నాడు. "మా నాన్న లాకుల్లో పనిచేశాడు. ఆ పిల్ల నిజం. ఊరంతా కలిసి తోసింది. పడవెక్కి వెళ్ళిపోయిందని చెప్తే ఊరు చేసినదంతా ఒప్పైపోతుంది. అది చచ్చిందని ఎక్కడా రాసిలేదు, నా పుస్తకంలో తప్ప."

కాదనలేనందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

తర్వాతి వారం వీరదుర్గా, నేనూ గుడివాడ బస్సెక్కాం. ఆవిడ చదువుతానంది. "స్టూలు కావాలి కదండీ" అంది అంతే. దారిపొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పుస్తకం ఒళ్ళో ఉంది.

శ్యామ్ సుందర్ వాళ్ళ మేడ మీద వాటాలో అప్పటికే ఒక కుర్రాడు మైకు బిగిస్తున్నాడు. వాళ్ళ అత్తగారిని ఎరిగిన అంకమ్మ ద్వారా ఆయన పట్టుకున్న ప్రేమ్ సాగర్ అతనే. ఈసారి పేరు వేస్తాననీ, వచ్చేదాంట్లో సగం ఇస్తాననీ ఒప్పుకుని వచ్చాడు. సిగ్గన్నది ముఖంలో లేదు.

"పేరెందుకు కోశావు?" నేను ఆపుకోలేక అడిగేశాను.

"ఇంట్రో ఉంటే జనం స్కిప్ కొడతారు సార్. ఈయనదనే కాదు, ఎవరిదైనా కట్ చేస్తా. అయినా సేకరణ అని పెట్టా కదండీ! ఊరికే కాపీ కొట్టేసే రకం కాదు నేను."

"రాసింది ఆయన, చదివింది ఈవిడ. నువ్వేం చేశావు?"

"నేను పెట్టకపోతే ఎవరు వినేవాళ్ళు సార్ దీన్ని?" అని టీవీ కింద ఉన్న కట్టల వైపు చూశాడు.

లాగి ఒకటిద్దామనిపించింది. శ్యామ్ సుందర్ తల దించుకున్నాడు. నా ఒళ్ళు మండింది అతను అన్నదానికి కాదు. అన్నది అబద్ధం కానందుకు.

వీరదుర్గ మైకు ముందు కూర్చుంది. పుస్తకం తెరవబోతూ అడిగింది. "అయ్యగారూ, ఛానెల్లో పెట్టుకోండి. ఊళ్ళన్నిటికీ పెట్టుకోండి. మా షెడ్డు గ్రూపు ఒక్కటీ వదిలెయ్యండి."

"వాళ్ళేనమ్మా అది బతికిందని నమ్ముతున్నది," అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "వాళ్ళకే తెలియాలి."

ఆవిడ చదవడం మొదలెట్టింది. అంతకుముందు ఫోన్లో వినడమే కానీ ఎదురుగా వినలేదు నేను. నటన లేదు, సాగదీయడం లేదు. పొయ్యి దగ్గర కూర్చుని నిన్నటి సంగతి చెప్తున్నట్టు ఉంది. శ్యామ్ సుందర్ కళ్ళు మూసుకున్నాడు. ఆయన పెదవులు ఆవిడతో పాటే కదులుతున్నాయి. సరళ తలుపు చేరవేసింది. చెప్పులు అరుగు మీద వదిలింది. లాకు మెట్ల మీద కూర్చుంది.

ఆవిడ ఆగింది.

"మేడమ్, అక్కణ్ణుంచి మళ్ళీ," అన్నాడు ప్రేమ్ సాగర్. "మెట్ల మీద దగ్గర్నించి. తర్వాత అతికించేస్తా."

ఆవిడ, సరళ నీళ్ళలో పడబోయే ఆ పేజీ వంకే చూస్తోంది. పగిలిన వేళ్ళతో ఆ అంచు సరిచేసింది. తర్వాత పుస్తకం మూసి, సంచీలో పెట్టుకుని, లేచి బయటికి నడిచింది.

"నీళ్ళకేమో," అన్నాడతను.

శ్యామ్ సుందర్ కళ్ళు తెరవలేదు. కింద గేటు చప్పుడైంది. నేను వరండాలోకి వెళ్ళేసరికి ఆవిడ వీధి మలుపు దాకా వెళ్ళిపోయింది. నాతో కలిసి బస్సెక్కి వచ్చిన మనిషి, వస్తాను బాబాయిగారూ అని ఒక్క మాట అనలేదు. వెనక్కి తిరిగి చూడకుండా, సంచీ చంకలో ఇరికించుకుని, బస్టాండు వైపు తిరిగింది.